కొత్త రకం ఎంఆర్ఎన్ఏ టీకాల యాంటీబాడీలు ఎన్నాళ్లుంటాయి? రిపోర్టులో అంకె పడిపోతే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ: మీ నాన్నగారికి 71 ఏళ్లు, షుగరు ఉంది. 2021లో గుంటూరులో కోవిషీల్డ్ రెండు డోసులు వేయించుకున్నారు. తర్వాత న్యూజెర్సీలో మీ దగ్గర ఉన్నప్పుడు ఫైజర్ బూస్టర్ (ఎంఆర్ఎన్ఏ, అంటే వైరస్ ప్రోటీన్ తయారుచేయమని మన కణానికి ఆదేశం పంపే రకం) వేయించారు. అది వేసిన రెండు నెలలకి అక్కడే యాంటీబాడీ పరీక్ష చేయిస్తే ‘2500కి పైన’ అని వచ్చింది. ఎనిమిది నెలలకి గుంటూరులో ఇంకో ల్యాబులో చేయిస్తే 840 వచ్చింది. వచ్చే నెల మళ్లీ మీ దగ్గరికి వస్తున్నారు. టీకా ప్రభావం అయిపోయిందా, జపాన్‌లో వచ్చిన ‘సెల్ఫ్ యాంప్లిఫయింగ్’ (కణంలో తన నకళ్లు తానే తీసుకునే) టీకా ఏడాది దాకా పనిచేస్తుందంటున్నారు కదా, దానికోసం ఆగాలా అని అడిగారు.

యాంటీబాడీలు కొలిచే పనిలోనే చాలా ఏళ్లు గడిపినవాణ్ని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. 840 చూసి కంగారుపడాల్సిన పని లేదు. కొత్త రకం టీకా యాంటీబాడీలని ఎక్కువకాలం నిలబెడుతోందన్నది నిజమే. అయినా దానికోసం ఈ వయసు మనిషిని ఆపి ఉంచడం నాకు సరైన పనిగా అనిపించడం లేదు.

మొదట ఆ రెండు రిపోర్టుల సంగతి. ఎక్కువ ల్యాబుల్లో వాడే యంత్రాలకి ఒక పై హద్దు ఉంటుంది. హద్దు దాటితే ‘2500కి పైన’ అని రాసి వదిలేస్తారు. ఆ రోజు నాన్నగారి అసలు అంకె 2600 అయి ఉండవచ్చు, 20,000 అయి ఉండవచ్చు. అందుకని ఎంత తగ్గిందో ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి లెక్కకట్టలేం. పైగా రెండూ వేరు వేరు ల్యాబులు. అబాట్ యంత్రం ఇచ్చే అంకెని 0.142తో గుణిస్తేనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక యూనిట్లలోకి వస్తుంది. రోష్ యంత్రం అంకె దాదాపు అలాగే సరిపోతుంది. అంటే ఒక యంత్రంలో వచ్చిన 840, ఇంకో యంత్రంలో వచ్చిన 840 ఒకటి కావు. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో యూనిట్లు, యంత్రం పేరు ఉంటాయి, చూడండి.

ఇంకో విషయం ఉంది, ఇది ముఖ్యం. మామూలు ల్యాబు పరీక్ష, వైరస్ పైన ముల్లులా ఉండే స్పైక్ ప్రోటీన్‌కి అంటుకునే యాంటీబాడీలన్నిటినీ కలిపి లెక్కేస్తుంది. వాటిలో వైరస్‌ని కణంలోకి పోకుండా నిజంగా అడ్డుకునేవి కొన్నే. వాటినే న్యూట్రలైజింగ్ యాంటీబాడీలంటారు. వాటిని కొలవాలంటే పెద్ద ప్రయోగశాలలు కావాలి. పైగా చాలా పరీక్షలు పాత వూహాన్ రకం స్పైక్ మీద చేసేవే, ఇప్పుడు తిరుగుతున్నవి ఒమిక్రాన్ సంతతి. ఇన్ని కారణాలున్నాయి కాబట్టే టీకా వేయించుకున్నాక రక్షణ ఎంతుందో తెలుసుకోవడానికి యాంటీబాడీ పరీక్ష వాడొద్దని అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2021 మే నెలలోనే చెప్పింది. ఆ పరీక్షకి మళ్లీ డబ్బు పెట్టకండి.

ఇక యాంటీబాడీలు ఎందుకు తగ్గుతాయన్నది. రక్తంలో ఎక్కువగా ఉండే రకమైన ఐజీజీ యాంటీబాడీ అర్ధాయువు దాదాపు 21 రోజులు. అంటే మూడు వారాలకి ఉన్నవాటిలో సగం పోతాయి. ఎవరూ కొత్తవి తయారుచేయకపోతే ఆరు నెలలకి మిగిలేది నూటికి ఒకటి కూడా ఉండదు. మిద్దె మీద ట్యాంకులో నీళ్లున్నాయంటే కింద మోటారు తిరుగుతోందన్నమాట. ఇక్కడ మోటారు ప్లాస్మా కణాలు, అంటే యాంటీబాడీలు తయారుచేసే కణాలు. టీకా వేసిన తొలి వారాల్లో పుట్టే ప్లాస్మా కణాల్లో ఎక్కువభాగం కొద్దిరోజులే బతుకుతాయి. అవి ఒక్కసారిగా యాంటీబాడీలు గుమ్మరించి చచ్చిపోతాయి. అందుకే నెల రోజులకి అంకె ఆకాశాన్నంటి, తర్వాత దబ్బున పడుతుంది. ఎముక మజ్జలో చేరి ఏళ్ల తరబడి పనిచేసే ప్లాస్మా కణాలు వేరు. ఒక టీకా రక్షణ ఎన్నేళ్లన్నది చాలావరకు ఈ రెండో రకం ఎన్ని తయారయ్యాయన్నదాని మీదే ఉంటుంది.

2021లో మోడర్నా టీకా వేయించుకున్న 33 మందిని రెండో డోసు తర్వాత ఆరు నెలలు గమనించారు. అందరిలోనూ యాంటీబాడీలు ఉన్నాయి. స్పైక్‌కి అంటుకునే యాంటీబాడీల అర్ధాయువు ఒక లెక్క ప్రకారం 52 రోజులు, ఇంకో లెక్క ప్రకారం 109 రోజులు. రెండు లెక్కలెందుకంటే, మొదటి లెక్క తగ్గుదల ఎప్పుడూ ఒకే వేగంతో జరుగుతుందని అనుకుంటుంది, రెండోది మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా జరుగుతుందని అనుకుంటుంది. నిజంగా జరిగేది రెండోదానికే దగ్గర. ఇజ్రాయెల్‌లో షీబా ఆసుపత్రి సిబ్బంది వేలమందిని గమనించినప్పుడు కూడా ఇదే కనిపించింది. న్యూట్రలైజింగ్ యాంటీబాడీలు మొదటి మూడు నెలలు వేగంగా పడిపోయాయి, ఆ తర్వాత నెమ్మదించాయి. మగవాళ్లలో, 65 దాటినవాళ్లలో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో ఇంకా తక్కువగా ఉన్నాయి. మీ నాన్నగారు ఇందులో మొదటి రెండింటిలోకీ వస్తారు కాబట్టి చెప్తున్నాను.

మరి అంకె పడిపోతే రక్షణ కూడా అంతే పడిపోతుందా? ఇక్కడే చాలామంది తికమక పడతారు. 2021లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఏడు టీకాల ఫలితాలు కలిపి ఒక అంచనా వేశారు. జబ్బు వచ్చి కోలుకున్నవాళ్ల సగటు న్యూట్రలైజింగ్ స్థాయిని ఒక కొలతగా పెట్టుకున్నారు. లక్షణాలతో వచ్చే ఇన్ఫెక్షన్ నుంచి సగం రక్షణ కావాలంటే అందులో 20 శాతం ఉంటే చాలు. తీవ్రమైన జబ్బు నుంచి సగం రక్షణకి 3 శాతం చాలు. ఈ రెండు అంకెల మధ్య దూరంలోనే మీ ప్రశ్నకి సగం జవాబుంది. యాంటీబాడీలు తగ్గుతున్నకొద్దీ ముందు పోయేది జలుబు, జ్వరం రాకుండా ఆపే రక్షణ. ఆసుపత్రి దాకా పోకుండా కాపాడే రక్షణ ఇంకా చాలాకాలం నిలుస్తుంది.

దానికి ఇంకో కారణం మెమరీ బి కణాలు, టి కణాలు, అంటే వైరస్‌ని గుర్తుపెట్టుకునే రోగనిరోధక కణాలు. యాంటీబాడీ పరీక్షలో ఇవి కనపడవు. ఎంఆర్ఎన్ఏ టీకా వేయించుకున్నవాళ్లలో మూడో నెలకీ ఆరో నెలకీ మధ్య యాంటీబాడీలు తగ్గుతుంటే, మెమరీ బి కణాలు పెరుగుతున్నట్టు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో చూపించారు. ఫైజర్ టీకా వేసినవాళ్ల చంకలోని లింఫ్ గ్రంథుల్లోంచి నమూనాలు తీసి చూస్తే, బి కణాలు తమ యాంటీబాడీలకి పదునుపెట్టుకునే చోట్లు నెలల తరబడి చురుగ్గా ఉన్నాయి. అంటే నాన్నగారి రక్తంలో అంకె దిగుతున్న ఆ నెలల్లోనే, లోపల మెరుగైన కణాలు సిద్ధమవుతూ ఉండి ఉంటాయి. వైరస్ లోపలికొస్తే అవి కొద్దిరోజుల్లో విజృంభిస్తాయి. గొంతునొప్పి ఆపడానికి ఆ కొద్దిరోజులు ఆలస్యమే. ఊపిరితిత్తులు కాపాడటానికి మాత్రం చాలాసార్లు సరిపోతాయి.

ఇందాక ఎముక మజ్జ గురించి చెప్పాను కదా, అక్కడ మాత్రం వార్త అంత బాగాలేదు. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్లు 19 మంది మజ్జ నమూనాలు పరీక్షించి 2024లో ఫలితం ప్రకటించారు. అదే మనుషుల మజ్జలో ధనుర్వాతం, ఫ్లూ మీద పనిచేసే దీర్ఘకాలిక ప్లాస్మా కణాలు చక్కగా ఉన్నాయి. కోవిడ్ స్పైక్ మీద పనిచేసేవి ఆ దీర్ఘకాలిక వర్గంలో దాదాపు లేవు. ధనుర్వాతం యాంటీబాడీల అర్ధాయువు 11 ఏళ్లు, డిఫ్తీరియావి 19 ఏళ్లు అని పాత పరిశోధన ఒకటి చెప్పింది. వాటి పక్కన ఎంఆర్ఎన్ఏ కోవిడ్ టీకాల 52, 109 రోజులు పెట్టి చూస్తే తేడా అర్థమవుతుంది. నా దృష్టిలో ఈ రంగం ఇప్పుడు పరిష్కరించాల్సిన అసలు సమస్య ఇదే. కొత్త టీకాలని ‘ఎన్ని యాంటీబాడీలు పుట్టించింది’ అని కాకుండా ‘మజ్జలో ఎన్ని కణాలు నాటింది’ అని అడగాలి.

తగ్గుదలకి కారణం వైరస్ మారిపోవడమే అనుకునేవాళ్లకి ఒక్క మాట. మోడర్నా వాళ్లు ఆర్‌ఎస్‌వీ అనే ఊపిరితిత్తుల వైరస్‌కి చేసిన ఎంఆర్ఎన్ఏ టీకాని అమెరికా 2024 మే 31న 60 దాటినవారికి ఆమోదించింది. ఆర్‌ఎస్‌వీ కోవిడ్ వైరస్‌లా ప్రతి ఆరునెలలకీ రూపం మార్చుకోదు. అయినా ఆ టీకా సామర్థ్యం సగటున 3.7 నెలల గమనింపులో 83.7 శాతం ఉంటే, 8.6 నెలలకి 63.3 శాతానికి దిగింది. కాబట్టి తగ్గుదలలో కొంత వైరస్ పని, కొంత టీకా స్వభావం.

ఇప్పుడు మీరు అడిగిన కొత్త రకం. ఫైజర్, మోడర్నా టీకాల్లో స్పైక్ తయారుచేయమనే ఆదేశం మాత్రమే ఉంటుంది. సెల్ఫ్ యాంప్లిఫయింగ్ టీకాలో దానితోపాటు, ఆ ఆదేశాన్నే కణం లోపల నకళ్లు తీసే యంత్రాంగం కూడా రాసి పంపుతారు. ఈ యంత్రాంగాన్ని గుర్రాలకి వచ్చే వెనిజువెలా ఎన్‌సెఫలైటిస్ వైరస్ నుంచి తీసుకున్నారు. దీనివల్ల రెండు లాభాలు. తక్కువ మందుతో పని జరుగుతుంది. ఫైజర్ డోసు 30 మైక్రోగ్రాములైతే ఇది 5 మైక్రోగ్రాములే. రెండోది, స్పైక్ తయారీ ఇంకొంచెం ఎక్కువ రోజులు సాగుతుంది. లింఫ్ గ్రంథుల్లో శిక్షణకి అంత ఎక్కువ సమయం దొరకడమే యాంటీబాడీలు నిలబడటానికి కారణం కావచ్చని శాస్త్రవేత్తల అభిప్రాయం.

అమెరికాలోని ఆర్క్‌టూరస్ సంస్థ తయారుచేసిన ఈ టీకాని మెయిజీ సెయికా ఫార్మా ద్వారా జపాన్ 2023 నవంబరులో ఆమోదించింది. పేరు కోస్టైవ్. యూరప్ 2025 ఫిబ్రవరిలో ఆమోదించింది. జపాన్‌లో అప్పటికే మూడు ఎంఆర్ఎన్ఏ డోసులు వేయించుకున్న 828 మందిని రెండు జట్లు చేసి, ఒకరికి ఇది, ఇంకొకరికి ఫైజర్ నాలుగో డోసుగా ఇచ్చి పోల్చారు. 28 రోజులకి కొత్త టీకా జట్టులో న్యూట్రలైజింగ్ యాంటీబాడీలు 1.43 రెట్లు. ఆరు నెలలకి చూస్తే 2.21 రెట్లు. ఏడాదికి కూడా ఇదే పైచేయిగా ఉంది. చూడండి, కాలం గడిచేకొద్దీ తేడా పెరిగింది. అంటే ఎత్తు నుంచి మొదలవడం ఒక్కటే కాదు, దిగడం కూడా నెమ్మదిగా దిగుతోంది. ఇన్నేళ్లలో యాంటీబాడీ గ్రాఫులు చాలా చూశాను, ఈ గ్రాఫు నాకు నిజంగా సంతోషం కలిగించింది.

అయితే ‘ఏడాది దాకా పనిచేస్తుంది’ అని వాట్సాప్‌లో తిరిగే మాటకీ ఈ ఫలితానికీ మధ్య ఒక గెంతు ఉంది. వాళ్లు ఏడాదికి కొలిచింది యాంటీబాడీలని. జబ్బు ఎంతమందికి రాకుండా ఆగిందన్నది ఆ పరీక్ష లెక్కించలేదు. జబ్బు మీద ప్రభావం వియత్నాంలో 16 వేలమందికి పైగా పాల్గొన్న పరీక్షలో చూశారు. ఏ కోవిడ్ జబ్బైనా రాకుండా 56.6 శాతం, తీవ్రమైన జబ్బు రాకుండా 95.3 శాతం రక్షణ కనిపించింది. మంచి అంకెలే. కానీ ఆ కొలత 36వ రోజు నుంచి 92వ రోజు దాకా, డెల్టా కాలంలో జరిగింది. రెండు నెలల కొలత పట్టుకుని ఏడాది హామీ ఇవ్వలేం. ఇంకోటి, జపాన్ పరీక్షలో ఇది నాలుగో డోసు. ముందు మూడు డోసుల పునాది మీద కట్టిన గోడని, ఎంఆర్ఎన్ఏ ఒక్క డోసే పడిన మీ నాన్నగారికి యథాతథంగా వర్తింపజేయలేం.

ఇలాంటి టీకా మన దేశంలోనూ తయారైంది. పుణెలోని జెన్నోవా సంస్థ ఒమిక్రాన్ కోసం చేసిన జెమ్‌కోవాక్-ఓఎమ్ కూడా సెల్ఫ్ యాంప్లిఫయింగ్ రకమే. 2023 జూన్‌లో విడుదలైంది. పొడిరూపంలో మామూలు ఫ్రిజ్ చలిలోనే నిల్వ ఉంటుంది, సూది లేని పరికరంతో చర్మంలోకి ఇస్తారు. మైనస్ చలి పెట్టెలు లేని ఊళ్లకి ఎంఆర్ఎన్ఏ టీకా చేరాలంటే ఇదే దారి, అందుకు వాళ్లని మెచ్చుకోవాలి. అయితే మూడువేలమందికి పైగా పాల్గొన్న దాని పరీక్షలో పోల్చింది కోవిషీల్డ్‌తో, ఫైజర్‌తో కాదు. కాబట్టి మీ ప్రశ్నకి దాన్నుంచి జవాబు లాగకూడదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్లు 2022లో సొంతంగా ఎంఆర్ఎన్ఏ టీకా పరిజ్ఞానం రూపొందించారు కానీ అది వేయించుకునే దశకి వచ్చిన టీకా కాదు.

మోడర్నా కొత్త టీకా ఎమ్‌నెక్స్‌స్పైక్ గురించి కూడా వినే ఉంటారు, అమెరికాలో 2025 మే 31న ఆమోదం వచ్చింది. ఇది సెల్ఫ్ యాంప్లిఫయింగ్ కాదు. స్పైక్ మొత్తం కాకుండా అందులో ముఖ్యమైన రెండు భాగాలనే తయారుచేయిస్తుంది, డోసు 10 మైక్రోగ్రాములు. పాత మోడర్నాతో పోలిస్తే 65 దాటినవారిలో జబ్బు ఇంకో 13.5 శాతం తగ్గింది. మెరుగే, కానీ మధ్యస్థమైన మెరుగు.

సెల్ఫ్ యాంప్లిఫయింగ్ టీకా శరీరంలో ఆగకుండా పెరిగిపోతుందని, వేయించుకున్నవాళ్ల ఊపిరి నుంచి పక్కవాళ్లకి అంటుకుంటుందని 2024లో జపాన్‌లో పెద్ద పుకారు లేచింది. తెలుగు గ్రూపుల్లోకీ వచ్చింది. అది అబద్ధం. వైరస్ కణం పైతొడుగు కట్టే జన్యువులని ముందే తీసేశారు కాబట్టి ఆ ఆర్‌ఎన్‌ఏ ఒక కణంలోంచి బయటికొచ్చి ఇంకో కణాన్ని పట్టుకునే వీలు లేదు. ఆ కణంతోపాటే అది కూడా అంతరిస్తుంది.

సరే, నాన్నగారి విషయానికొద్దాం. బూస్టర్ వేసి ఎనిమిది నెలలు దాటింది, వయసు 71, షుగరు. నిర్ణయం ఈ మూడింటి మీద తీసుకోండి, 840 మీద కాదు. ఆ రిపోర్టులో 3000 వచ్చి ఉన్నా నేను ఇదే చెప్పేవాణ్ని. అమెరికాలో 2024-25 సీజన్‌కి 65 దాటినవారికి ఆరు నెలల తేడాతో రెండు డోసులు సిఫారసు చేశారు. తర్వాత డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకునే పద్ధతికి మార్చారు, కానీ 65 దాటినవారికి టీకా ఆమోదం అలాగే ఉంది. ఆ సీజన్ టీకా వల్ల 65 దాటినవారిలో ఆసుపత్రి చేరికలు 45 శాతం దాకా తగ్గాయని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క. పాత డోసులు, పాత ఇన్ఫెక్షన్లు ఇచ్చిన రక్షణ మీద అదనంగా వచ్చింది ఈ 45. చిన్న విషయం కాదు. గుంటూరులో ఫైజర్, మోడర్నా దొరకవు కాబట్టి వచ్చే నెల ఆయన మీ దగ్గరికి రాగానే అప్పటి సీజన్ టీకా వేయించండి. ఏ కంపెనీదన్నది పెద్ద తేడా కాదు, చలికాలం రద్దీకి ముందు పడటం ముఖ్యం. కోస్టైవ్ అమెరికాలో ఆమోదం పొందితే, తర్వాతి విడతకి దాన్ని ఆలోచించవచ్చు.

ఈమధ్య ఎప్పుడైనా ఆయనకి కోవిడ్ వచ్చి తగ్గి ఉంటే మూడు నెలలు ఆగినా ఫరవాలేదు. వచ్చిందో లేదో తెలియకపోతే ఒక దారుంది. కోవిషీల్డ్, ఫైజర్ రెండూ స్పైక్ యాంటీబాడీలనే పుట్టిస్తాయి. అందుకని ‘యాంటీ-ఎన్’ (వైరస్‌లోని ఎన్ అనే వేరే ప్రోటీన్ మీది యాంటీబాడీల) పరీక్షలో పాజిటివ్ వస్తే అది ఎప్పుడో ఒకప్పుడు వచ్చిన ఇన్ఫెక్షన్ గుర్తే. కోవాగ్జిన్ వేసుకున్నవాళ్లకి ఈ తర్కం పనిచేయదు, అందులో మొత్తం వైరస్ ఉంటుంది. మీకోసం ఇది తప్పనిసరి పరీక్ష మాత్రం కాదు.

టీకా వేయించినా, వేయించకపోయినా ఒక పని ఇప్పుడే చేసి పెట్టుకోండి. జలుబు, జ్వరం మొదలైన రోజే ఇంట్లో పరీక్ష చేయండి. పాజిటివ్ వస్తే పాక్స్‌లోవిడ్ అనే కోవిడ్ మాత్రలు లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపు ప్రారంభించాలి, షుగరున్న 71 ఏళ్లాయనకి అది అర్హతే. ఆయన వేసుకునే మందులన్నీ, ఇండియా నుంచి తెచ్చుకున్నవి కూడా, జెనరిక్ పేర్లతో (కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరుతో) ఒక కాగితం మీద రాసి డాక్టరుకి ముందే ఇవ్వండి. కొలెస్ట్రాల్‌కి వాడే సిమ్వాస్టాటిన్ పాక్స్‌లోవిడ్‌తో కలిపి అసలు వాడకూడదు, అటోర్వాస్టాటిన్ ఆ కొద్దిరోజులు ఆపమంటారు, గుండెకి క్లోపిడోగ్రెల్ వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. కిడ్నీ పనితీరుని బట్టి డోసు తగ్గించాల్సి వస్తుంది, కాబట్టి ఈ ఆరు నెలల్లో చేయించిన క్రియాటినిన్ రిపోర్టు కూడా ఆ కాగితంతో పాటు ఉంచండి.